పదకొండో సంచిక

మా ఊరి మూలమలుపుల్లో తాళ్లు కట్టి ఉంటాయి,
గాలి ఎత్తుకుపోకుండా మనుషులు పట్టుకోడానికి.
పుంతా అరేనాస్.
దీని తర్వాత పటంలో నీలిరంగే ఎక్కువ.

ఇక్కడ, ఐసు ఫ్యాక్టరీ పైగదిలో
ఎదూవిహిస్ మన్సీయా ఒక పత్రిక నడుపుతుంది.
కాగితం లేని పత్రిక.
పేరు 'దక్షిణం అయిపోయాక'.
జరగనివి మాత్రమే వేస్తుంది.
పగలు పీతల పెట్టెలకు లెక్కలు రాస్తుంది,
ఆ లెక్కల్లోనూ కొంత కల్పన ఉంటుందని
యజమానికి తెలుసు, నవ్వి ఊరుకుంటాడు.

నాది కామాలు చూసే పని.
జీతం లేదు. సంచికకో పీత.

ఈసారి ఆరు కథలు.
ఒకదాంట్లో గాలికి పన్ను వేస్తారు, జనం కిటికీలు పూడ్చుకుంటారు.
ఒకదాంట్లో చచ్చిపోయిన తిమింగలం
సాక్ష్యం చెప్పడానికి కోర్టుకొస్తుంది,
ప్లీడరు దాని నోట్లో నిలబడి వాదిస్తాడు.
మంచి కథే, విశేషణాలు ఉప్పులో ఊరేసినట్టున్నాయి గానీ.
మిగతావి చెప్పను, చదువుకోండి.

ఆరోది బెలార్మీనో పంపాడు,
పీతల పడవ మీద వంటవాడు.
ఫోనులో బొటనవేలితో కొట్టిన కథ:
ఒక దీవి, తన కోసం ఎదురుచూసేవాళ్ల వైపు
ఏడాదికో జానెడు జరుగుతుంటుంది.
ఒడ్డున ఒక ముసలామె, కొలకర్ర నీళ్లలో దించి,

అక్కడ ఆగిపోయింది.
కామా దగ్గర.
నేను చూడాల్సిన కామా.

మెసేజ్ పెట్టాం. ఒంటి టిక్కు.
పొద్దున చూశాం. ఒంటి టిక్కే.
జలసంధి దాటితే సిగ్నల్ ఉండదు, అంతే, అనుకున్నాం.
రేడియోలో వాతావరణం చదివే అమ్మాయి
మామూలు గొంతుతోనే చదివింది,
ఎనిమిది మీటర్ల అలలని.
ఎదూవిహిస్ మాతే గిన్నె నా చేతికిచ్చి
తిరిగి తీసుకోవడం మరచిపోయింది.

కామాని చుక్క చేసేస్తే పోతుంది కదా అనిపించింది.
తోక కత్తిరించడమే.
చేతులు రాలేదు.

"సంచిక ఆపేద్దామా?"
"ఆపితే ఏదో అయిందని మనమే ఒప్పుకున్నట్టు."

తొమ్మిదింటికి గానీ తెల్లారని జూలై రాత్రి
ఆమె వేలు ఎంటర్ మీద పెట్టి అలా నొక్కే ఉంచింది,
తలుపు అవతల ఎవరో ఉన్నట్టు.
కామా కింద ఒక పేజీ తెలుపు.
ఇంకో పేజీ.
వదిలేశాం, వెళ్లిపోయింది లోకంలోకి.

చదివేవాళ్లు నాలుగొందల పైచిలుకు.
ఒకాయన ఆ తెలుపు మీదే నాలుగు పేరాలు రాశాడు,
శూన్యం, మౌనం, ఇంకా ఏవో బరువైన మాటలు.
మంచుఖండం మీది స్థావరంలో జనరేటర్ చూసే మనిషి
ఒకే వాక్యం పంపాడు:
'ఆ కర్ర ఎంత పొడుగో చెప్పలేదు.'
దానికి ఏడ్చింది ఎదూవిహిస్.

తొమ్మిదో రోజు పడవ వచ్చింది
ఒక పక్క రంగంతా లేచిపోయి.
బెలార్మీనో మెట్లెక్కి వచ్చాడు, వెల్లుల్లి వాసనతో,
మమ్మల్ని చూసి, ఎవరైనా పోయారా అని అడిగాడు.
"ముగింపా? ఉల్లిపాయలు మాడుతుంటే లేచాను.
తర్వాత సముద్రం లేచింది.
తర్వాత గుర్తులేదు."

ఫోను అతని చేతికిచ్చాం.
ముళ్లు గీరిన వేళ్లతో కథ పైకి జరుపుకుంటూ పోయాడు,
దీవి దాకా, కొలకర్ర దాకా, కామా దాకా.
ఆగలేదు.
తెలుపులోకి వెళ్లాడు,
పెదాలు కదుపుతూ,
ఒక పేజీ, రెండో పేజీ.

తల ఎత్తకుండానే అన్నాడు:
"ఇక్కడ మాత్రం బాగా రాశాను."