తొమ్మిదో ప్రశ్న

హన్మకొండల ఆసుపత్రి వెనుక
పాత టీబీ వార్డుకు సున్నమేసి శిక్షణ హాలు జేసిండ్రు.
పద్నాలుగు మందిమి. ప్లాస్టిక్ కుర్చీలు.
ఇరవై ప్రశ్నల ఫారం, పెన్సిలు,
మనిషికి రెండు ఉస్మానియా బిస్కెట్లు.

మొదటిరోజు పొద్దంతా ఒక్క మాట దగ్గరే ఆగినం:
ట్రామాను తెలుగుల ఏమనాలె?
'మానసిక గాయం' అని బోర్డు మీద ఉన్నది.
ములుగు నుంచి వచ్చిన నర్సు ఈసం సుభద్ర చెయ్యి లేపింది.
"గాయమంటే మావోళ్లు చొక్కా ఎత్తి చూపిస్తరు మేడం.
జడుసుకున్నవా అని అడిగితేనే
కండ్లు కిందికి దించుతరు."
పర్వీన్ మేడం గాయాన్ని తుడిచెయ్యలేదు.
పక్కకే 'జడుపు' అని రాసింది.
సుద్దముక్క విరిగింది.

మధ్యాహ్నం నాటకం.
ఆమె పేషెంటు, నేను డాక్టర్ని.
గొంతు సవరించుకొని మొదలువెట్టిన:
"మీ ప్రాణానికి ముప్పు కలిగించిన సంఘటన ఏదైనా..."
ఆమె లేచి నిలవడ్డది.
"నా కుర్చీ ఎటు మొఖాన ఉన్నది?"
చూసిన. తలుపుకు వీపు.
"లోపలికి ఎవరొస్తున్నరో ముందుగాల నాకు కనవడనియ్యి.
తర్వాత నీ ప్రశ్న."
పద్నాలుగు కుర్చీలు గచ్చు మీద ఒక్కసారి కిర్రుమన్నయ్.

మూడోరోజు నిజం మనిషి.
ఓదెలు, నలభై ఆరు, భూపాలపల్లి బొగ్గుబాయిల టింబర్‌మన్.
కప్పు కూలకుండ దిమ్మెలు నిలవెట్టుడు ఆయన పని.
చీటీ మీద: నిద్ర లేదు, ఎడమచెయ్యి గుంజుడు,
ఎక్స్‌రే మంచిగనే ఉన్నది.
ఒక్క అక్షరం తప్పువోకుండ చదివిన.
పీడకలలు? "ఏం లేవు సారు."
ఆ జాగలకు పోకుండ తప్పించుకుంటున్నరా?
"డూటీకి పోవుడు పోవుడే గద సారు."
సున్న. సున్న. సున్న.
ఎంత గుండ్రంగ వచ్చినయో నా సున్నలు.

మేడం నా భుజం మీదికెల్లి చూసింది. ఏమనలేదు.
నీళ్ల గ్లాసు ఆయన దిక్కు జరిపి అడిగింది:
"వానలు మొదలైనయ్ గద ఓదెలన్నా,
ఎక్కడ పండుకుంటున్నవ్?"
"వాకిట్లనే."
"తడువవా?"
"పట్టా కప్పుకుంట. తడిస్తే ఆరుతం గద."

చాలాసేపు ఫ్యాను చప్పుడొక్కటే.
అప్పుడు చూసిన, ఫ్యాను కింద ఆయన లేడు.
ఇంతింత జరుపుకుంట, మాకు తెల్వకుంట
కుర్చీతోని గోడ దాకా వొయిండు.

"రాయి మాట్లాడుతది సారు.
కూలేముందు సన్నగ మాట్లాడుతది.
నాకు వినవడ్డది. చెప్పిన.
గట్టయ్య నవ్విండు, నీకన్నీ వినవడుతయ్ తియ్యి అని."

అక్కడ ఆగిండు.
నేను పెన్సిలు ఎత్తిన.
మేడం నా చెయ్యి మీద చెయ్యి వెట్టింది.
"ఇయ్యాల్టికి ఇంత చాలన్నా. బువ్వ తిన్నవా?
పరకాల బస్సు ఎన్నింటికి? తోడెవరొచ్చిండ్రు?"
బస్సు గురించి ఆయన మస్తు చెప్పిండు.

మరి ఫారం, అన్న నేను, వరండాల.
"బాయి ఎంత లోతున్నదో చూడనీకె తాడు ఇడుస్తం.
నీళ్లన్నీ తోడి పారవొయ్యం."

రాత్రి హంటర్ రోడ్డు రూముల
నా ఫారం నేనే నింపుకోవాలె. అది ఆ రోజు హోంవర్కు.
తొమ్మిదో ప్రశ్న: తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతరా?

చిన్నప్పుడు మా ఊర్ల
పొద్దుమీకినంక ఎవరన్న తలుపు కొడితే
అమ్మ పొయ్యిల నీళ్లు పోసేది.
నాయిన దొడ్డి దిక్కు చూసేటోడు.
నేను దగ్గు మింగేటోణ్ని.
అడవిలకెల్లి వచ్చినోళ్లయినా, జీపుల వచ్చినోళ్లయినా
తలుపు మీద చెయ్యి ఒక్కతీర్గనే పడేది.
ఊరు ఊరంత అట్లనే.
దానికొక పేరుంటదని ఎవరికెరుక?
ఇంటి పద్ధతి అనుకున్న.
ఇప్పటికీ అమ్మ దగ్గరికి పోతే తలుపు కొట్ట.
గల్మల నిలవడి "నేనే" అంట,
రెండుసార్లు.

తొమ్మిదికి ఎదురుంగ
సున్న నుంచి నాలుగు దాక గళ్లున్నయ్.
పెన్సిలు పట్టుకొని కూసున్న.
పక్క రూము పిలగాడు చాయ్ తెచ్చి
తలుపు తట్టిండు.