మూడో రోజు, పర్లాకిమిడి

మొదటి రెండ్రోజులూ రబ్బరు బొమ్మే.
పక్కకి తిప్పడం, దుప్పటి మార్చడం,
వీపు కింద చెయ్యి పెట్టి తడి చూడడం.
బొమ్మ ఏమీ అనదు.

మూడోరోజు కునిలత మేడమ్ ఒడియాలో అంది:
"ఇవాళ మీరే రోగులు."

నా కళ్లకి గుడ్డ కట్టేరు.
చెంచా సుంబారి చేతిలో.
నాకు సవర రాదు, ఆమెకి తెలుగు అంతంతే.
చోడి అంబలి పెదవికి తగిలింది
చెప్పకుండానే.
ఉలిక్కిపడ్డాను, గెడ్డం మీంచి మెడలోకి కారింది.

"చెప్పి పెట్టాలి" అంది మేడమ్.

కాసేపు చప్పుడు లేదు.
తర్వాత నా మణికట్టు మీద రెండు వేళ్లు,
మెల్లిగా ఓ నొక్కు,
అప్పుడు చెంచా.

పదకొండేళ్లు మా అత్తకి పెట్టేను.
నోరు తెరువు అనడం తప్ప
ఏమీ చెప్పలేదు.

గుడ్డ విప్పబోతే
ఉండమన్నాను.