పాళ్లు

మొదటి నిమిషమే వేడి.
రెండో నిమిషం గోరువెచ్చన,
మూడోదానికి ఒళ్లు ఝల్లుమని
నోట్లోంచి ఆంజనేయుడు బయటికొస్తాడు.

ఆదోనిలో డిసెంబరు.
కొండ వెనక పొద్దు ఇంకా పక్క దిగలేదు.
ఆరూ నలభైకి ఎమ్మిగనూరు బస్సు,
నా తల నిండా సబ్బునురగ.

మిద్దె మీద సోలారు పెట్టించి ఏడేళ్లు.
పగలంతా ఎండ (మా సీమలో దేనికి కరువైనా దానికి కాదు),
రెండు వందల లీటర్లు కాగి కూర్చుంటాయి.
మరి తెల్లారేసరికి ఆ వేడి ఎవరి ఒంటికి పోతోంది?

నాకు తెలుసనుకున్నాను.
కింద వాటాలో ఖాసింబీ.
ముగ్గురు పిల్లలు, మొగుడికి జిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు,
ఒళ్లంతా దూదిపింజలతో వచ్చి నీళ్లు పోసుకుంటాడు.
గోడలోంచి పైపు గురగుర.
మూడు వారాలు
మెట్లు దిగేటప్పుడు చెప్పులు కాస్త గట్టిగానే వేశాను.
"టీ తాగిపో టీచరమ్మా" అంటే
బస్సు వంక పెట్టాను.

ఆదివారం మద్దిలేటి వచ్చాడు.
మూతబడ్డ స్పిన్నింగు మిల్లులో బాయిలరు చూసినోడు,
ఎడమ చెవి ఆవిరి మోతకే అరిగిపోయిందట.
కుడి చెవితో పైపులను వింటాడు:
స్క్రూడ్రైవరు మొన పైపుకి, పిడి చెవికి.

"దుమ్ముండాదిలే" అని గాజు గొట్టాలు తుడిచాడు.
"సున్నం పట్టింటాది" అని విప్పితే
మా బోరునీళ్ల ఏడేళ్ల ఉప్పు
కోడిగుడ్డు పెంకుల్లా రాలింది.
గాలి పోయే గొట్టంలో కందిరీగ గూడు.
పుల్లతో పొడిచాడు,
ఇరుక్కున్న గాలి బుస్సుమని లేచింది.
"ఇదేనా?" అన్నాను ఆశగా.
"ఇది కూడా" అన్నాడు.

సోమవారం.
ఒక్క నిమిషం. మళ్లీ ఆంజనేయుడు.

సాయంత్రం మళ్లీ ఎక్కాడు మిద్దె.
తొట్టి మూతి దగ్గర వేలు పెట్టి
చటుక్కున నోట్లో పెట్టుకున్నాడు.
"కాగుతాండాదక్కా. దీని తప్పేం లేదు."
వేడినీళ్లు దిగే వాల్వు బిగించేశాడు.
"ఇప్పుడు ఇంట్లో వేడి కొళాయి తిప్పు."

తిప్పాను.
నీళ్లు వచ్చాయి.
ఇద్దరం ఆ ధారనే చూస్తూ నిలబడ్డాం.
"తలుపేసి గొళ్లెం పెట్టొచ్చినా గదా.
ఇంక ఈ నీళ్లు యాడివి?"

వంటిల్లు చూశాడు, పెరటి తొట్టి చూశాడు,
నా స్నానాల గదిలో ఆగాడు.
కార్తీకంలో పెట్టించుకున్న రెండు తలల కొళాయి.
రెండు తలలూ తెరిచే ఉన్నాయి.
చేతి షవరు బొత్తాం మాత్రం మూసి ఉంది.

అది నా ఏర్పాటే.
వారం రోజులు తిప్పగా తిప్పగా దొరికిన పాళ్లవి,
వేడి ముప్పావు, చల్ల అర.
రోజూ మళ్లీ కుదుర్చుకునే ఓపిక లేక
ఉన్నది ఉన్నట్టే వదిలేసి
బొటనవేలితో బొత్తాం నొక్కేదాన్ని.

"చల్లనీళ్లకు పంపు జోరు ఎక్కువ" అన్నాడు మద్దిలేటి.
"ఈ సందులో దూరి వేడి పైపులోకి పాకుతాండాయి.
రేత్రంతా. కింది వాటా దాకా."
ఒక తల మూశాడు. కిర్రుమంది.
రెండొందలన్నాడు,
ఐదొందల కాగితానికి చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

మంగళవారం
తల అయ్యింది, వీపు అయ్యింది, మడమలు కూడా అయ్యాయి.
నీళ్లు ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి.

బస్సుకు పది నిమిషాలుండగా మెట్లు దిగాను,
చెప్పులు చేత్తో పట్టుకుని.
ఖాసింబీ వాకిట్లో
మూడిటుకల పొయ్యి, కంపపుల్లలు,
మసిబట్టిన అల్యూమినియం బిందె.
ఎప్పటి నుంచి, అని అడిగాను.
"మూడు వారాలైతాంది.
మీరేమో పొద్దున్నే బస్సుకు పోయేటోళ్లు,
ఆ వేడి మీకే సరిపోదేమోనని."

సున్నం గురించి చెప్పాను. గాలి గురించి చెప్పాను.
కందిరీగ గూడు గురించి చాలాసేపు చెప్పాను.
రెండు తలల సంగతి మాత్రం
గొంతు దాకా వచ్చి
గోరువెచ్చగా ఆగిపోయింది.

ఆమె లోపల కొళాయి తిప్పి, చెయ్యి పెట్టి, "అబ్బా!" అంది.
వచ్చి పుల్లలు వెనక్కి లాగి నీళ్లు చల్లింది.
"టీ?" అంది, కొంచెం అనుమానంగా.

సందు చివర ఎమ్మిగనూరు బస్సు హారను కొడుతుండగా
అరుగు మీద కూర్చున్నాను.