ఒంటికి పట్టుడు

నిద్రలేచేసరికే పొద్దుగూకినట్టుంటది.
ఇంకా బూట్లు తొడగలే, హాజరు పడలే,
నా ఒంట్ల ఎవరో నాకంటె ముందే
డబుల్ డ్యూటీ చేసి పండుకున్నరు.

రువిల మా గది మూడో అంతస్తు.
ముప్పై ఎనిమిది మెట్లు.
ఇదివరకు లెక్కపెట్టలే.
పద్నాలుగు అంతస్తుల పరంజ మీద
పైపు భుజాన వేసుకొని నడిచినోన్ని,
నాకెందుకు మెట్ల లెక్క?
ఇప్పుడు పంతొమ్మిదో మెట్టు కాడ
గోడకు నా అరచెయ్యి మరక.
మొన్న రంగేసిండ్రు.
మళ్ల పడ్డది.

కడుపు కుడిపక్క సంచి.
దాని ముచ్చట పాతబడ్డది,
గదిల ఏడుగురికీ తెలుసు.
మొఫిజుల్ తన బాత్రూం వంతు నాకిస్తడు,
అడగకముందే, అటు చూసుకుంట.
సంచికి అలవాటైన.
ఈ అలసటకే పేరు దొరకలే.

ఫోర్‌మన్ పెట్టిండు ఒకటి: కస్లాన్.
అరబ్బీల సోమరిపోతు.
వాన్ని ఏమనాలె?
కాలు విరిగితే కట్టు కనబడతది.
నన్ను స్టోర్ రూంల కూసుండబెట్టి
హెల్మెట్లు లెక్కపెట్టమన్నడు.
నలభై దాక లెక్కపెట్టి
నలభై ఒకటి ఎట్లుంటదో మర్చిపోయిన.

తర్వాత నెత్తురు కాగితం వచ్చింది.
ప్రతి అంకె పక్కన
కిందికి చూసే బాణం.
ఇనుము తక్కువ, అన్నది సిస్టర్ జెస్సమ్మ.
డీ విటమిన్ కూడ. ఎండకు ఉండవా?
నేను నవ్విన, కుట్ల కాడ గుంజేదాక నవ్విన.
పదకొండేండ్లు ఎండల్నే కదా సిస్టర్,
తలగుడ్డ, ముసుగు, మణికట్టు దాక చేతులు,
కన్నులు తప్ప అన్నీ మూసుకొని.

ఇంకో విటమిన్ ఉన్నదంట, బీ ట్వెల్వ్.
పేగుల ఏ మూల దాన్ని పట్టుకుంటదో
ఆ మూలనే కోసి పారేసిండ్రంట.
చేప తిన్నా, గుడ్డు తిన్నా
గేటు దాక వచ్చి నిలబడి
వాపస్ పోతది,
వీసా ముద్ర లేనోని లెక్క.

అందుకే నెలకో సూది.
మందు ఎర్రగుంటది,
రంజాన్ నెలల గ్లాసుల పోసిచ్చే షర్బత్ రంగు.
అంత అందమైన మందు నేను చూడలే.
ఎక్కినాక నాలుగు రోజులు
ఏం తేడా రాలేదని కోపమొచ్చింది.
అయిదో రోజు హెల్మెట్లు అరవై ఆరు.

ఉత్త నీళ్లు ఎక్కువ తాగకు, అన్నది జెస్సమ్మ.
ఎడారిల ఈ మాట ఎవరన్న అంటరా?
దూప తీరేటట్టు తాగినకొద్ది
ఒంట్ల ఉప్పు కడుక్కపోతదంట.
ఇప్పుడు నా సీసా మీద పెన్నుతోటి గీత.
గీత దాక నీళ్లు, పొట్లం ఉప్పు చక్కెర పొడి.
మధ్యాహ్నం బకాల నుంచి ఉప్పు లబన్.
కొలిచి తాగుత. కొలిచి నడుస్త.
డ్యూటీ అయినంక కూరగాయలా, స్నానమా,
రెంటిల ఒకటి.

రాత్రి ఫోన్ల మల్లవ్వ అడుగుతది,
తిన్నవా?
తిన్న.
ఏం తిన్నవ్?
చెప్త. ఆమెకు నిమ్మళం.
మా నాయనమ్మ అట్ల అడిగేది కాదు.
బక్కగున్న నన్ను గుంజి ఒళ్లె కూసుండబెట్టుకొని
తిన్నది ఒంటికి పడ్తలేదు వీనికి, అనేది.
అది ఉత్త సామెత అనుకున్న.
నలభై మూడేండ్లకు
లాబ్ వాళ్లు అదే మాట
అంకెలల్ల రాసిచ్చిండ్రు.

ఇయ్యాల మెట్ల మీద
ఇరవై ఆరు దాక ఆగలే.
చెయ్యి చాపితే గోడ చల్లగుంది,
మరక లేని కాడ.
కింద నుంచి ఒకాయన గ్యాస్ సిలిండర్ ఎత్తుకొస్తుండు.
ఆయనకు దారి ఇస్తున్నట్టు పక్కకు ఒరిగిన.
ఆయన దాటిపోయిండు,
పై తలుపు తీసి, వేసి, గొళ్లెం పెట్టుకున్నడు.
నేను ఇంకా
దారి ఇస్తనే ఉన్న.