మాటు

హ్రిచ్కో దొడ్డి చివర, దురదగొండి పొదల్లో
బోర్లా పడి పద్దెనిమిది చలికాలాలు మోసింది
పద్నాలుగడుగుల అల్యూమినియం పడవ.
నలభై డాలర్లన్నాడు.
కందిరీగల తుట్టె ఊరికే ఇస్తానన్నాడు.

వెల్లకిలా తిప్పి చూశాను.
ఇంజను తగిలించే వెనక చెక్క
వేలితో నొక్కితే పుట్టగొడుగులా దిగబడింది.
కూర్చునే బల్ల కింద నురుగుదిమ్మ నీళ్ళు తాగి తాగి
నిండుచూలాలంత బరువు.
పీకి పారేస్తుంటే పాత వేసవుల కంపు,
ఎండిన పికెరెల్ పొలుసులు,
ఎవరి పిల్లాడిదో ఒంటి రబ్బరు బూటు.
బూటు ఎందుకో పారేయలేదు.

విన్నిపెగ్ సరస్సు మీద మంచు ఇంకా బిగుసుకునే ఉంది.
పదిహేను రోజులుంది నాకు.

చిల్లు వెతకడం గిమ్లీలో చిన్నపిల్లలకీ తెలుసు.
రెండు కర్రగుర్రాల మీదికి పడవనెత్తి
నీళ్ళలో తేలాల్సినదాని కడుపులో
గొట్టంతో నీళ్ళు నింపుతాం.
ఇక అడగాల్సింది దాన్నే. నీరు పల్లమెరుగు.
నేను కింద అట్టముక్క పరుచుకుని పడుకున్నాను.
ఎక్కడ చెమ్మ, ఎక్కడ చుక్క,
ఎక్కడ చుక్క కాబోతున్న మెరుపు,
అక్కడల్లా మైనపు పెన్సిలుతో సున్నా చుట్టాను.
నలభై మూడు సున్నాలు.
సాయంత్రానికి నా మొహం కూడా పడవలాగే కారుతోంది.

వదులైన సీల బిగించడం ఒక్కరి పని కాదు.
లోపలి నుంచి సుత్తితో కొట్టేవాళ్ళొకరు,
బయట సీల తలకి ఇనుపదిమ్మ ఆనించి పట్టేవాళ్ళొకరు.
చప్పట్లకి రెండు చేతులు చాలు,
దీనికి నాలుగు.

దిమ్మ ఉన్నది ఫిన్‌బోగి దగ్గర.
ఫిన్‌బోగి నా తమ్ముడు.
నాన్న వలల లైసెన్సు నన్నడక్కుండా అమ్మిన నాటి నుంచి
మాకు మాటల్లేవు. పదకొండేళ్ళు.
ఒకే వీధి, ఒకే కాఫీ కొట్టు,
అతనికి ఆ కిటికీ, నాకు ఈ కిటికీ.

దిమ్మ ఇమ్మని మరదలు ఒలెస్యాతో కబురు పెట్టాను.
దిమ్మతోపాటు మనిషి కూడా వచ్చాడు.
పలకరించలేదు. నేరుగా పడవ కిందికి దూరాడు.
నేను లోపల మోకాళ్ళ మీద.
మా మధ్య గోరంత మందం లోహం.

మొదటి సీల. కింద నుంచి టక్ మని ఒక దెబ్బ:
ఆనించాను, కొట్టు.
కొట్టాను.
రెండు దెబ్బలు: తరవాతది.
ఈ భాష మాకెవరూ నేర్పలేదు.
మాట తెగిన చోట మాటు వేస్తున్నామని
అప్పుడు అనుకోలేదు, అనుకుంటే చెయ్యి వణికేది.
చెవుల్లో గంటలు. సున్నా మీద సున్నా చెరిగిపోతోంది.

ఇరవై ఆరో సీల దగ్గర
అతను ఆనించకముందే కొట్టాను.
సీల జారి కింద అతని బొటనవేలి మీద పడింది.
అప్పుడు వినబడింది
అమ్మమ్మ వంటింట్లో తప్ప ఎక్కడా వినని
పచ్చి ఐస్‌లాండిక్ బూతు ఒకటి.
పదకొండేళ్ళకి నా తమ్ముడి మొదటి మాట.
నవ్వు పెదవుల మీదే పట్టేసుకుని
సుత్తితో రెండుసార్లు తట్టాను.
తరవాతది.

పద్దెనిమిదో తేదీ రాత్రి దక్షిణపు గాలి లేచి
మంచుని తోసుకుపోయింది.
కొత్త చెక్క, కొత్త రంగు.
ముందుభాగాన పిడికిలంత సొట్ట మాత్రం ఉంచేశాను,
అది ఎవరి రాయో, ఎవరి వేసవో.

నీళ్ళలోకి దించిన పావుగంటకి
మేం చుట్టని నలభై నాలుగో సున్నా బయటపడింది.
కాఫీ డబ్బాతో తోడుతున్నాను.
దొరికిన చేప జానెడు లేదు, వదిలేశాను.

ఇనుపదిమ్మ ఫిన్‌బోగి తీసుకెళ్ళలేదు.
మరిచాడో, మానేశాడో, అడగలేదు.
బరువుకి ఉంటుందని ముందు బల్ల కింద పెట్టాను.
అల వచ్చినప్పుడల్లా అది పక్కకి దొర్లి
పడవ అడుగుకి తగులుతుంది,
టక్ మని,
ఒక్కసారే.