లాగుడు రంద

మా రంద తోస్తే నడుస్తది.
ఒకుమురా రంద లాగితే నడుస్తది.
ఈ ఒక్క సంగతి నా భుజాలకు ఎక్కడానికి
పదకొండు రోజులు పట్టింది.

అజ్మాన్ రేవు వెనక రేకుల షెడ్డు.
అవతల పడవలకు టేకు పలకలు బిగిస్తున్న చప్పుడు.
ఇవతల తడి గోనెల కింద, బాలింతల్లా,
సముద్రం దాటొచ్చిన ఆరు హినోకి దూలాలు.
కొసలకు మైనం పూసి ఉంది,
లేకుంటే ఈ గాలి ఒక్క పూటలో
వాటి నీళ్ళన్నీ తాగేస్తది.

ముందు తిప్పి తిప్పి చూస్తాడు, మొదలేది, కొసేది అని.
స్తంభమైనా సరే, చెట్టు నిలబడ్డట్టే నిలబడాలంట.
మా తాత కూడా కర్రను తలకిందులు పెట్టనిచ్చేవాడు కాదు;
ఎందుకని అడిగితే బాడిస చూపించేవాడు.

తర్వాత మసి దారం.
బిగబట్టి, ఎత్తి, వదిలితే
టప్పున ఒక నల్ల గీత.

గోడవైపు పోయే మొహాన
నిలువునా చేవ దాటి గుండె దాకా కోసి
చెక్క చీల దిగ్గొట్టినం.
"పగిలేది ఎట్లాగూ పగుల్తది,
ఎక్కడ పగలాలో మనం చెప్పాలె" అన్నాడు,
సగం హిందీ, సగం చేతులు.

ఇవాళ తెల్లారగట్ల
నడుము వెనక్కి వాల్చి, అడుగు అడుగు వెనక్కేస్తూ
లాగిన.
రంద నోట్లోంచి ఉల్లిపొర లేచింది.
దూలం ఆ కొస దాకా తెగలేదు.
ఒకుమురా దాన్ని వెలుతురుకు పట్టి చూసిండు,
ఏమీ అనలేదు.
తన రంద నా చేతిలోనే ఉంచి
చాయ్‌కి పోయిండు.

కట్కోజోళ్ళ పిల్లగాడు రోజంతా
వెనక్కి నడుస్తడని ఇంట్ల చెప్తే నవ్వుతరు.

ఇంకా అయిదు దూలాలు.
రేపు బస్సు మూడున్నరకే.
ఎండెక్కితే కర్ర మాట వినదు.