పేరు మనది, అర్ర కిరాయిది

డొమైన్ కొన్న. ఏడాదికి ఎనిమిది వందల చిల్లర.
నల్లగొండ రామగిరిల, జిరాక్స్ షాపు మీది అంతస్తుల
నీళ్ల పరీక్షలు చేసే మా రెండర్రల ల్యాబుకు
ఇన్నాళ్లకు ఒక ఇంటిపేరొచ్చింది.

మొన్న ఒక ఆఫీసుల
పెద్దమనిషి మా రిపోర్టు తిప్పి తిప్పి చూసి
"జీమెయిలా? ఇది ల్యాబేనా అమ్మా?" అన్నడు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్ల ఫ్లోరైడ్ అంకె మీద
ఆయన కన్ను నిలువలే,
అడుగున్న అడ్రసు మీద నిలిచింది.

పేరు కొన్నంక తెలిసింది,
పేరుకు ఉత్తరాలు రావు.
అవి దిగేతందుకు ఒక అర్ర కావాలె,
ఆ అర్ర ఇంకెవరిదో. నెలనెలా కిరాయి.

నవీద్ ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కొక్క ఇల్లు చూపెట్టిండు.
మొదటిది మేడ. అద్దాలు, లిఫ్టు, గేటుకాడ కావలి.
నెలకు మనిషికింత. మేము ఐదుగురం.
ఐదును పన్నెండుతోని గుణించి
ఆ పైసలకు రియేజెంటు సీసాలు ఎన్నొస్తయో
మనసుల లెక్కబెట్టి, ముయ్యమన్న.

రెండోది చవక. మొదటేడు దాదాపు ఉత్తగనే.
రెండో ఏడు మూడింతలని
చీమతలకాయంత అక్షరాలల్ల రాసుంది.
పానగల్లు రోడ్డుల మా పాత ఓనరు యాదికొచ్చిండు:
దసరాకు "మీరు మా ఇంటి మనుషులే" అన్నడు,
ఉగాదికి కిరాయి పెంచిండు.

మూడోది పూర తేరగ.
కానీ ఫోన్ల తెరుచుకోదట.
బోరుకాడ బైకు స్టాండేసి
సీసా ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకొని నిలబడే సైదులు
ఏ కంప్యూటర్‌ల చూసుకుంటడు?

నాలుగోది మనిషి లెక్క కాదు.
ఇల్లంతటికి ఒకటే కిరాయి, జాగ మాత్రం ఇరుకు.
ఎంతమందన్న పండుకోవచ్చు,
మూటలే తక్కువ తెచ్చుకోవాలె.
కంపెనీ పేరు ఎన్నడు విన్నది కాదు.
"రేపు మూతపడితే?" అన్న.
"పేరు నీదేనక్కా, మూట గట్టుకొని ఇంకో ఇంటికి పోవుడే" అన్నడు.

"అయినా ఐదెందుకు?
అండాలమ్మ సీసాలు కడుగుతది, ఆమెకు మెయిలెందుకు?
నలుగురైతే ఆ మేడల్నే ఉండొచ్చు.
ఆమె పేరు మీద వచ్చింది నీ డబ్బాల పడేటట్టు పెడ్త,
దానికి పైసల్లేవు."

కేరాఫ్.
చిన్నప్పుడు మా ఉత్తరాలన్ని కేరాఫ్ ఓనరే.
కవరు చింపే వచ్చేటివి.
నా పరీక్ష పోయిన సంగతి
నాకంటే ముందు ఆయన భార్యకు తెలిసింది,
నల్లాకాడ అందరి ముంగట ఓదార్చింది.

అండాలమ్మ అప్పటికే వింటుంది,
సింకుకాడ, వంగని మోకాళ్ల మీద బరువు మార్చుకుంట.
"నా పేరు గుడ రాయుండ్రి.
ఎవ్వలు రాయకున్న మంచిదే.
ఖాళీ డబ్బా తిండి పెట్టమంటదా?"

నాలుగో ఇంటికే అడ్వాన్సిచ్చిన.

నవీద్ ఏవేవో రికార్డులు ఎక్కించిండు.
మేము మేమేనని లోకానికి సాక్ష్యమట అవి.
లోకానికి ఎరుకయ్యేటందుకు ఒకరోజు పడ్తదట.
మా వాడకట్టుకైతే పూటల తెలిసేది.

తెల్లారి, చూద్దామని డబ్బాలు తెరిచినం.
సైదులుది వచ్చింది: "టెస్టింగ్ టెస్టింగ్".
అండాలమ్మది రాలే.
వెతికితే, దొంగ ఉత్తరాల గంపల దొరికింది.
కొత్త పేరు, ఒక్క మాట లేని ఉత్తరం,
యంత్రం నమ్మలేదు.

అక్షరాలు రావు ఆమెకు. అంకెలొస్తయి,
సీసాల మీద చీటీలు రాసేది ఆమెనే.
ఉత్తరం నిండ ఉన్నది ఒకటే:
17.

నవీద్ నవ్విండు.
నేను రిజిస్టర్ తీసిన.
పదహారుకు రిపోర్టు పోయింది, పద్దెనిమిదికి పోయింది.
నడుమ గీత ఖాళీ,
తొమ్మిది రోజులసంది.
షెల్ఫు మీద పదిహేడో సీసా
మూత బిగించినట్టే ఉంది.